గంట కొట్టేలోపు

మా ఇంట్లో ఒక పాత ఇనుప పెట్టె ఉంది. మూత ఎత్తగానే ముందు కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. అది కాస్త తగ్గాక అడుగు నుంచి ఇంకో వాసన మెల్లగా పైకి వస్తుంది. కరక్కాయ, తుప్పు, ఎక్కడో కొంచెం పులిసిన బెల్లం. యాభై ఏళ్లు దాటాక కూడా ఒక దుప్పటిలో అంత వాసన మిగులుతుందా అంటే నేను చెప్పలేను. మా ఆవిడ ఉందంటుంది. ఆమె ఉందన్నాక నాకూ వస్తుంది.

సెలవులకు బెంగళూరు నుంచి వచ్చిన మనవరాలు చలి వేస్తోందని దుప్పటి అడిగింది. మా ఆవిడ పెట్టె తెరిచి, పెళ్లికి పుట్టింటివారు పెట్టిన పెడన దుప్పటి బయటకు తీసింది. మడత విప్పింది, ఒక చివర వెలుతురుకు పెట్టి చూసింది, మళ్లీ అదే మడతల్లో మడిచి లోపల పెట్టేసింది. పిల్లకు బజారులో కొన్న దుప్పటి ఇచ్చింది.

"అది ఇవ్వవా నానమ్మా?"

"దాన్ని నలుపు తినేసింది. కప్పుకుంటే చిరుగుతుంది."

నలుపు తినడమేమిటో పిల్లకు అర్థం కాలేదు. "మీ తాతయ్యను అడుగు. జపాన్ గదిలో చెప్పానుగా ఆయనకు" అని మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

జపాన్ గది అంటే జపాన్‌లో ఉన్న గది కాదు. మన సాలార్‌జంగ్ మ్యూజియంలోది.

*

మాకు పెళ్లయిన కొత్తలో చిక్కడపల్లిలో రెండు గదుల పోర్షన్‌లో ఎనిమిది మంది ఉండేవాళ్లం. మా నాన్న 1956లో రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు ఫైళ్లతో పాటు తరలివచ్చిన గుమాస్తా. అమ్మ, నాన్న, నాన్నమ్మ, ఇద్దరు చెల్లెళ్లు, అందరికంటే చిన్నవాడు తమ్ముడు, చివరగా మేమిద్దరం. రాత్రి పడకలు పరిచాక మంచినీళ్లకు లేవాలంటే ఎవరో ఒకరి కాలు తొక్కక తప్పేది కాదు. పెరట్లో నేను నూతిలో నీళ్లు తోడుతుంటే ఆమె బిందె పట్టుకుని నిలబడినంతసేపే మా ఏకాంతం. అదీ పక్క పోర్షన్ వాళ్లు చేద కోసం ఎదురుచూస్తూ ఉండకపోతే.

సినిమాకు వెళదామంటే చెల్లెళ్లిద్దరూ మా కంటే ముందే జడలు వేసుకుని గుమ్మంలో కూర్చునేవారు. పబ్లిక్ గార్డెన్స్ పేరెత్తితే అమ్మ మొహం అదోలా పెట్టేది. పార్కులో బెంచీల మీద కూర్చోవడం సంసార పక్షంగా ఉండదని ఆమె అభిప్రాయం. ఆ లెక్కన ఊళ్లో మాకు మిగిలింది ఒకటే చోటు. మ్యూజియం. నాన్న దృష్టిలో అది చదువు కిందకు వచ్చేది. "మంచిదే, వెళ్లి చూసి రండి. ఆ అమ్మాయి ఎప్పుడు చూసింది పాపం" అనేవారు. చెల్లెళ్లు స్కూలు పిల్లలతో వెళ్లి కాళ్లు నొప్పులు పుట్టి వచ్చినవాళ్లు కాబట్టి ఆ ఊసెత్తితే జారుకునేవారు. వస్తానని ఎగిరి గంతేసేవాడు ఒక్కడే. ఎనిమిదేళ్ల మా తమ్ముడు.

వాడికి గడియారం పిచ్చి. సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవాళ్లకు ఆ గడియారం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీది. పై భాగంలో గడ్డం ఉన్న కమ్మరి ఒకడు సుత్తితో సెకనుకు ఒక దెబ్బ వేస్తూ ఉంటాడు. గంట కావస్తుండగా తలుపు తెరుచుకుని ఇంకో బుల్లి మనిషి బయటకు వస్తాడు. ఎన్ని గంటలయితే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి వెళతాడు. అంతే. ఆ అంతే కోసం మ్యూజియంలో ఉన్న జనమంతా పావుగంట ముందు నుంచే అటు జరగడం మొదలుపెట్టేవారు. ముసుగు రెబెకా పాలరాతి బొమ్మ ముందు నిలబడి నోరు తెరిచినవాళ్లు కూడా నోరు మూసి అటు నడిచేవారు.

మా తమ్ముడు నడిచేవాడు కాదు, పరుగెత్తేవాడు. "వదినా, మళ్లీ వస్తా, ఇక్కడే ఉండండి" అని వాడు మాయమయ్యేవాడు. ఆ పది పదిహేను నిమిషాలు, చైనా జపాన్ వస్తువులుండే ఆ వైపు గదుల్లో మేమిద్దరమే ఉండేవాళ్లం. మూల స్టూలు మీద ఒక ముసలాయన కాపలా. ఆయన సగం నిద్రలో ఉండేవాడు.

ఇది ముందుగా వేసుకున్న పథకం కాదు. మొదటిసారి అలా జరిగిపోయింది. రెండోసారి నుంచి మాత్రం పథకమే. మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు. "మీరే జపాన్ జపాన్ అని లాక్కెళ్లేవారు" అంటుంది.

*

ఆదివారం ఉదయం అన్నాలు తిని బయలుదేరితే డబుల్ డెక్కర్ బస్సు. తమ్ముడు పై అంతస్తులో ముందు సీటు దొరికితేనే ఎక్కేవాడు, లేకపోతే ఇంకో బస్సు కోసం ఆగాల్సిందే. అఫ్జల్‌గంజ్‌లో దిగి నయాపూల్ మీదుగా నడక. కుడి చేతి వైపు హైకోర్టు గుమ్మటాలు. వంతెన దాటి ఎడమకు తిరిగితే మూసీ ఒడ్డునే మ్యూజియం. అప్పటికి ఆ భవనం కొత్తది. 1968లో తెరిచారు.

నేను చిన్నప్పుడు చూసింది వేరే. 1951 డిసెంబరులో నెహ్రూ ప్రారంభించిన మ్యూజియం దివాన్ దేవిడిలో, అంటే నవాబు నివసించిన ఇంట్లోనే ఉండేది. కర్నూలు నుంచి వచ్చిన ఏడాదే నాన్న నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్లారు. గదిలోంచి గదిలోకి, మళ్లీ ఇంకో గదిలోకి. ఇదంతా ఒక్క మనిషి కొన్నాడంటే నేను నమ్మలేదు. "ఇన్ని కొన్నాయనకు పిల్లలెంతమంది నాన్నా?" అని అడిగాను. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్లి చేసుకోలేదు. 1949లో పోయేనాటికి ఈ వస్తువులే ఆయన సంసారం. నాన్న ఆ సంగతి చెప్పి, "అందుకే ఇవన్నీ మనకు మిగిలాయి" అన్నారు. గుమాస్తా లెక్క అది.

జపాన్ గది కాపలా ముసలాయన మాత్రం ఆ సంగతిని ఇంకోలా చెప్పేవాడు. ఆయన ఉర్దూ, నా వచ్చీరాని ఉర్దూ కలిస్తే మా మాటలు అయిదు నిమిషాలకు మించేవి కావు. పెళ్లాం లేని మనిషి ఇన్ని పూలకుండీలు ఎవరికి చూపిద్దామని తెచ్చాడో పాపం, అనేవాడు. ఆ తర్వాత మా ఇద్దరినీ ఒకసారి చూసి, కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు. నిజంగా నిద్ర వచ్చేదో, మా మీద దయతోనో నాకు ఈనాటికీ తెలియదు.

*

నిజం చెప్పాలంటే మొదటి మూడు సార్లూ మేము పెద్దగా మాట్లాడుకున్నది లేదు. ఏకాంతం దొరికాక ఏం మాట్లాడాలో తోచలేదు. పక్కపక్కన నిలబడి గాజు బీరువాల్లోకి చూసేవాళ్లం. చూడక ఏం చేస్తాం.

ఒక పెద్ద పూలకుండీ ఉండేది. సత్సుమా పింగాణీ. మీగడ రంగు, దాని మీద బంగారు చుక్కలు, పూలు, గుంపుగా మనుషులు. ఒళ్లంతా వెంట్రుక కంటే సన్నని పగుళ్లు, సాలెగూడులా. మా ఆవిడ దాని ముందు వంగి, "పగిలిపోయిందండీ ఇది" అంది భయంగా, మనమేదో చేశామన్నట్టు. కాదు, అది అలాగే చేస్తారు. కాల్చిన కుండీ చల్లారేటప్పుడు లోపలి మట్టి కంటే పై పూత ఎక్కువ ముడుచుకుంటుంది. అందుకే పూత మాత్రం చిట్లుతుంది. అప్పుడు నాకు ఆ సంగతి తెలియదు. తెలిసినట్టు తల ఊపాను. "చల్లారిన పాల మీద మీగడ ఇలాగే ముడతలు పడుతుంది" అంది ఆమె. అంత పెద్ద వాక్యం ఆమె నోట వినడం అదే మొదలు.

నాకు ఆ కుండీ మీద గీతలు పిచ్చెక్కించేవి. నేను అప్పట్లో నీటిపారుదల శాఖ డ్రాయింగు విభాగంలో ట్రేసర్‌ని. ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు, ఆ మాట తెలిసినవాళ్లూ తక్కువే. ఇంజనీరు పెన్సిలుతో వేసిన బొమ్మ మీద నీలపు ఛాయ ఉన్న ట్రేసింగు గుడ్డ పరిచి, నల్లసిరాతో దాన్ని తిరగరాయడం మా పని. రూలింగు పెన్ను రెండు రేకుల మధ్య సిరా చుక్క, రేకుల ఎడం తిప్పడానికి బుల్లి మర. గీత మొదట్లో ఎంత లావో చివర్లోనూ అంతే ఉండాలి. చేతి చెమట తగలకుండా మణికట్టు కింద కాగితం ముక్క. పక్క గదిలో ప్రింట్లు తీసే అమ్మోనియా ఘాటుకు కళ్లు మండేవి. అలాంటివాడికి ఆ కుండీ మీద ఒక కొంగ మెడ కనబడింది. మెడ వంపు దగ్గర లావెక్కి, ముక్కు దగ్గరకు వచ్చేసరికి లేనంత సన్నబడిన ఒకే ఒక్క గీత. నాకు నేర్పిన లెక్కలో అది తప్పు గీత. మా సూపరింటెండెంటు చూస్తే బ్లేడుతో గీకించేవాడు. ఆ తప్పు గీతే ఎగిరిపోయేలా ఉంది.

ఆ మాట ఆమెకు చెప్పాను. ఆమె కొంగను కాక నన్ను చూసింది. అది బాగా గుర్తు. (ఆ రోజు ఆమె కట్టుకున్నది గులాబీ రంగు చీర అని నేనూ, కాదు వంకాయ రంగు అని ఆమె. ఈ గొడవ తేలేది కాదు, వదిలేస్తున్నాను.)

*

నలుపు సంగతి వచ్చింది నాలుగోసారి. లేక అయిదోసారేమో.

ఒక చిన్న నల్ల పెట్టె. లక్క పూత వేసినది, మూత మీద బంగారు పొడితో గడ్డి పరకలు. ఆ నలుపులో మా ఇద్దరి మొహాలూ కనబడుతున్నాయి. మన ఏటికొప్పాక బొమ్మల మీద పూసే లక్క పురుగు నుంచి వస్తుంది. జపాన్ వాళ్లది చెట్టు పాలు. మన చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడికి దగ్గర చుట్టం ఆ చెట్టు. పచ్చిగా తగిలితే నల్లజీడిలాగే ఒళ్లు పొక్కుతుంది. తడి గాలిలో పెడితేనే గట్టిపడుతుందట, పొడి గాలిలో సరిగా ఆరదట. ఇవన్నీ నేను రిటైరయ్యాక చదువుకున్నవి.

"ఈ నలుపు ఎలా తెచ్చారో" అంది ఆమె. అని, నా జవాబు కోసం చూడకుండా తనే మొదలుపెట్టింది.

మా మామగారికి బందరు దగ్గర పెడనలో బట్టల మీద అచ్చులు అద్దే పని ఉండేది. ఇంటి వెనక తాటాకు పాక, బల్లలు, టేకు అచ్చులు. నలుపు కోసం ఒక కుండలో పాత ఇనుప ముక్కలు, తాటి బెల్లం, నీళ్లు వేసి మూతి కట్టి మూల పెట్టేవారు. రెండు మూడు వారాలు దాని జోలికి పోకూడదు. మూత తీస్తే పైన నురగ, కింద బురద రంగు నీళ్లు. "నలుపు ఎక్కడా ఉండదండీ ఆ నీళ్లల్లో" అంది ఆమె. గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. అది లేత పసుపుకు తిరుగుతుంది. దాని మీద ఆ బురద నీళ్లు అచ్చుతో అద్దితే, అద్దిన క్షణంలో బూడిద రంగు. అచ్చు ఎత్తి పక్కన పెట్టేలోపు నలుపు. చిన్నప్పుడు ఆమె బల్ల పక్కన నిలబడి ఊపిరి బిగబట్టి ఆ మారడం కోసమే చూసేదట.

"కానీ నలుపు గుడ్డను తింటుంది" అంది. "ఎరుపు గుడ్డతో పాటు ముసలిదవుతుంది. నలుపు అలా కాదు. ఎప్పటికో అప్పటికి గీత ఉన్న చోట గుడ్డ పొడుం అయిపోతుంది. అందుకే నాన్నగారు నలుపు సన్నగా వేయమనేవారు."

ఆమె చెబుతుండగా గంట కొట్టడం మొదలైంది. గదులు దాటి వచ్చేసరికి ఆ చప్పుడు గుడ్డ చుట్టిన గరిటెతో బిందె మీద కొట్టినట్టు ఉండేది. పన్నెండు దెబ్బలు. మాకు పన్నెండంటే ఇష్టం ఏర్పడింది అందుకే. ఒంటిగంటకు ఒక్క దెబ్బతో అయిపోయేది, తమ్ముడు వెంటనే వచ్చేసేవాడు.

వాడు రొప్పుతూ వచ్చి, "అన్నయ్యా, మీరు రాలేదేం? వదినా, నువ్వెప్పుడూ చూడవేం?" అన్నాడు. "వచ్చే వారం చూస్తాలే నాన్నా" అంది ఆమె. ఆ వచ్చే వారం చాలా వారాలు వాయిదా పడింది.

*

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు అఫ్జల్‌గంజ్ టాంగా స్టాండు దగ్గర పాత ఇనుము అమ్మేవాడి ముందు ఆగింది. గుర్రపు నాడాలు, అరిగిపోయినవి, కుప్పగా ఉన్నాయి. "ఇవే కావాలి" అంది. అణాల బేరం. నాలుగు నాడాలు నా ఖద్దరు సంచిలో వేసుకుని బస్సెక్కాం. నాడా ఇంటికి మంచిదేనని అమ్మ ఒకటి గుమ్మానికి కొట్టించింది. మిగతా మూడూ కుండలోకి వెళ్లాయి.

కుండ డాబా మీద నీళ్ల తొట్టి వెనక. తాటి బెల్లం దొరక్క చెరకు బెల్లం వేసింది. పది రోజులకు వాసన మొదలైంది. ఇంటి యజమాని ఒకరోజు సాయంత్రం పైకి వెళ్లి, కిందికి వచ్చి, నాన్నను పక్కకు పిలిచారు. బెల్లం పులిసిన వాసన ఎవరికైనా ఏం గుర్తు చేస్తుందో మీరే చెప్పండి. "గుమాస్తాగారూ, మీరు పెద్దమనుషులు. మీ ఇంట్లో నాటుసారా..." అన్నారట. మా నాన్న జన్మలో సోడా కూడా తాగలేదు. ఆయన ఎర్రబడిన మొహంతో డాబా ఎక్కి కుండ మూత తీశారు, నాడాలు చూశారు, మరింత భయపడ్డారు. చేతబడి అనుకున్నారేమో.

కొత్త కోడలు అందరి ముందూ నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. మాటల్లో చెప్పలేదు. లోపలికి వెళ్లి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఒకే ఒక్క అచ్చు తెచ్చింది. వేలెడంత మామిడి పిందె. నేను ఆఫీసు నుంచి తెచ్చిన చెడిపోయిన ట్రేసింగు గుడ్డ ముక్కలు ఉన్నాయి. ఆ గుడ్డను ఉడుకు నీళ్లలో నానబెట్టి గంజి వదిలిస్తే పట్టులాంటి మెత్తని బట్ట వస్తుంది. మా డ్రాయింగు విభాగంలో అందరి చేతి రుమాళ్లూ అవే. కరక్కాయ పట్టించి ఆరబెట్టిన రుమాలు ఒకటి అప్పటికే ఉంది. దాన్ని నేల మీద పరిచి, అచ్చు ముంచి, అద్దింది.

ఎనిమిది మందిమీ, ఇంటి యజమానీ వంగి చూశాం. బూడిద రంగు మామిడి పిందె. చూస్తుండగా అంచుల నుంచి లోపలికి నల్లబడుతూ వచ్చింది. ఇంటి యజమాని "ఓరి" అన్నారు. ఆ తర్వాత ఆ కుండ గురించి ఎవరూ మాట్లాడలేదు. వాళ్ల ఇంటికి అరడజను రుమాళ్లు వెళ్లాయి.

*

తర్వాత పిల్లలు, బదిలీలు, నాన్న పోవడం, చెల్లెళ్ల పెళ్లిళ్లు. మ్యూజియం మానేశాం. డ్రాయింగు విభాగంలోకి కంప్యూటర్లు వచ్చాయి, నా రూలింగు పెన్నులు డబ్బాలో పడ్డాయి.

పదేళ్ల కిందట మా అబ్బాయి టోక్యోలో పనిచేస్తుండగా రెండు నెలలు వెళ్లి ఉన్నాం. నిషి కసాయి అనే చోటు. మనవాళ్లు ఎంతమంది ఉన్నారంటే ఉదయం నడకకు వెళ్లేటప్పుడు పెరుగు ఏ కొట్లో బాగుంటుందో తెలుగులోనే తెలిసింది. ఒక శనివారం అబ్బాయి మమ్మల్ని రైలెక్కించి, నిహోంబాషిలో మారమని కాగితం మీద రాసిచ్చాడు. ఉయెనోలో దిగితే పార్కు, పార్కు చివర టోక్యో నేషనల్ మ్యూజియం. "మీ ఇద్దరూ వెళ్లి చూసి రండి" అన్నాడు. అచ్చం మా నాన్న అన్నట్టే అన్నాడు. తోడుగా తమ్ముడు మాత్రం లేడు.

ముందున్న పెద్ద భవనం పేరు హోన్‌కాన్, 1938లో తెరిచినది. లోపల పాలరాతి మెట్లు, మెట్ల పైన గోడకు ఒక గడియారం. మేమిద్దరం ఒకేసారి దాన్ని చూసి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. దాని కోసం ఎవరూ పరుగెత్తడం లేదు.

కత్తుల గదిలో నేను చాలాసేపు ఉండిపోయాను. కత్తికి నీళ్లు పట్టేటప్పుడు వీపు వైపు మట్టి మందంగా, పదును వైపు పలచగా పూస్తారు. పదును చప్పున చల్లారి గట్టిపడుతుంది, వీపు నెమ్మదిగా చల్లారి మెత్తగా ఉంటుంది. ఆ రెండూ కలిసే చోట కత్తి పొడుగునా పొగమంచులాంటి గీత. ఏ ట్రేసరూ వేయలేని గీత అది. మా ఆవిడకు కత్తులు నచ్చలేదు. నెత్సుకెలు నచ్చాయి. జపాన్ వాళ్ల పాతకాలపు దుస్తులకు జేబులుండేవి కావు కాబట్టి పొగాకు సంచీ, మందు డబ్బా తాడుతో నడికట్టు నుంచి వేలాడదీసుకునేవారు. తాడు జారకుండా పైన బుడిపెలా ఉండేవే ఆ బొమ్మలు. ఉసిరికాయంత దంతంలో ఎలుక, కుక్కపిల్ల, కప్ప. "మన రొంటిన దోపుకోవడం లాంటిదే. వీళ్లు దానికి కూడా ఎలుకను చెక్కారు" అంది.

సత్సుమా కుండీల గురించి నాకు తర్వాత తెలిసిన సంగతి ఒకటి కాస్త కష్టం కలిగించింది. 1867 పారిస్ ప్రదర్శన తర్వాత ఆ సరుకుకు యూరప్, అమెరికాల్లో గిరాకీ పెరిగింది. ఆ బంగారు ధగధగలు చాలావరకు విదేశీ కొనుగోలుదారుల కోసం చేసినవే. మేము మూసీ ఒడ్డున జపాన్ అనుకుని చూసింది, జపాన్ వాళ్లు బయటివాళ్లకు నచ్చుతుందనుకున్న జపాన్. అయితే కొంగ మెడ మాత్రం అబద్ధం కాదు. అది అబద్ధమంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను.

హోన్‌కాన్‌కు కుడి పక్కన తోయోకాన్ ఉంది. అందులో మిగతా ఆసియా దేశాల వస్తువులు. కాళ్లు పీకుతున్నాయి, తిరిగి వెళ్లిపోదామనుకున్నాం. బట్టల గది ఒకటి చూసి వెళదామని ఆమె పట్టుబట్టింది. పురాతన వస్త్రాలు కాబట్టి దీపాలు మసకగా ఉన్నాయి. నేను ఒక బల్ల మీద కూలబడ్డాను. కాసేపటికి "ఏమండీ" అని వినిపించింది. ఆ "ఏమండీ" వేరేగా ఉంది. లేచి వెళ్లాను.

గాజు కింద ఒక గుడ్డ ముక్క. ఎర్ర పూల తీగ, నలుపు అంచు గీతలు. పక్కన కార్డు మీద ఇంగ్లీషులో, భారతదేశం, కోరమండల్ తీరం అని.

"కోరమండల్ అంటే?"

"మనదే. మీ బందరు ఒడ్డు కూడా."

ఆమె కళ్లజోడు సవరించుకుని ఎంత దగ్గరకు వంగిందంటే నుదురు గాజుకు తగిలింది. యూనిఫాం వేసుకున్న ఒక అమ్మాయి చప్పుడు కాకుండా వచ్చి, నమస్కారంగా వంగి, కొంచెం వెనక్కి జరగమని సైగ చేసింది. మా ఆవిడ వెనక్కి జరగలేదు. ఆ అమ్మాయికి తెలుగులో చెప్పింది. "చూడమ్మా, ఇక్కడ నలుపు తినేసింది."

నేనూ చూశాను. పూల రేకుల ఎరుపు చెక్కు చెదరలేదు. దాని చుట్టూ గీత ఉండాల్సిన చోట గీత లేదు. గీత ఆకారంలో సన్నని చీలిక ఉంది. దాని లోంచి కింద పరిచిన తెల్ల గుడ్డ కనబడుతోంది. అక్కడక్కడ రెండు మూడు పోగులు మాత్రం నల్లగా మిగిలాయి, తెగిన వంతెనలా.

బందరులో డచ్చివాళ్లు స్థావరం పెట్టుకుని బట్టలు కొన్నారని చిన్నప్పుడు చదువుకున్నదే. ఆ డచ్చివాళ్లే 1641 నుంచి నాగసాకి దగ్గర దెజిమా అనే చిన్న దీవిలో కొలువై జపాన్‌తో వ్యాపారం చేశారు. మన తీరపు అద్దకం బట్టలు ఆ దారిన అక్కడికి చేరాయి. వాళ్లు వాటిని సరస అన్నారు. దుప్పట్లుగా కప్పుకోలేదు. బెత్తెడు ముక్కలు కూడా పారేయకుండా దాచారు, టీ పొడి పాత్రలకు సంచులు కుట్టుకున్నారు. హికోనె సంస్థానపు ఈయి వంశం వాళ్లు దాచుకున్న 450 ముక్కలు ఇప్పుడు ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. ఒకప్పుడు జపాన్ ఆడవాళ్లు పళ్లు నల్లబరుచుకునేవారని కూడా తర్వాత చదివాను. ఇనుప ముక్కలు పులిసిన నీళ్లలో నానబెట్టి, వగరు కాయ పొడితో కలిపి పూసుకునేవారు. ఆ నల్ల లక్క పెట్టెలోనూ నలుపు కోసం కలిపేది ఇనుమే. ఇవన్నీ చదివి ఆమెకు చెబితే ఆశ్చర్యపడలేదు. "ఇనుము లేకుండా నలుపెక్కడిది" అంది.

ఆ రోజు తిరుగు రైల్లో మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. నిషి కసాయి వస్తుండగా, "ఆ కుండ ఎవరు మూసి ఉంటారో" అంది. మూడు వందల ఏళ్ల కిందటి కుండ గురించి.

*

మనవరాలికి ఇదంతా చెబితే తనకు పట్టింది ఒక్కటే. గడియారంలోంచి బుల్లి మనిషి వస్తాడా, నిజంగా? మొన్న ఆదివారం తీసుకెళ్లాం. ఇప్పుడు ఆ పాత డబుల్ డెక్కర్ లేదు, టాంగాలు లేవు. మ్యూజియంలో ఒక భవనం మూడయింది. చైనా, జపాన్ వస్తువులు తూర్పు భవనానికి మారాయి. గడియారం ముందు కుర్చీలు వేశారు.

పన్నెండుకు పావుగంట ఉందనగా జనం కదలడం మొదలైంది. పిల్ల నా చేయి లాగుతోంది. నేను అలవాటుగా, "నువ్వు వెళ్లి చూసిరా, మేము ఇక్కడే..." అనబోయాను.

"ఈసారి నేనూ వస్తాను" అంది మా ఆవిడ. "ఇన్నేళ్లలో నేను ఆ గడియారం కొట్టడం ఒక్కసారీ చూడలేదు."

అది నాకు తట్టనే లేదు. ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు, ఆమె విన్నది చప్పుడే. తమ్ముడికి ఫోన్ చేసి చెబితే, వాడు ఈ మధ్యే రిటైరయ్యాడు, పడీ పడీ నవ్వాడు. "మీ కాపురం నిలబెట్టింది నేనే అన్నయ్యా, ఒప్పుకో" అన్నాడు. ఒప్పుకున్నాను.

మూడో వరుసలో కూర్చున్నాం. పిల్ల ముందుకు పోయి నేల మీద చతికిలపడింది. కమ్మరి తన మానాన తను సుత్తి దెబ్బలు వేస్తున్నాడు. తలుపు తెరుచుకుంది. బుల్లి మనిషి వచ్చాడు. వందమంది ఫోన్లు పైకి లేచాయి, మా ఆవిడ మెడ పక్కకు చాచి సందులోంచి చూసింది. పన్నెండు దెబ్బలు. దగ్గర నుంచి వింటే ఆ చప్పుడు అంత మెత్తగా లేదు. వాడు లోపలికి వెళ్లాడు, తలుపు మూసుకుంది, జనమంతా ఒక్కసారి లేచారు.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

"దీని కోసమా వాడు అన్నిసార్లు పరుగెత్తింది?" కొంగు సర్దుకుని లేచి, మళ్లీ కూర్చుంది. జనం గుంపులుగా నలువైపులా విడిపోతున్నారు, కొందరు తూర్పు భవనం వైపు.

"ఇప్పుడు జపాన్ గదికి వెళితే రద్దీగా ఉంటుందండీ. ఒంటిగంట దాకా ఆగుదామా?"